జేబులో ఫీజు

ఫీజు జేబులో ఉంటే ప్రాణం జేబులో ఉన్నట్టే అనేవాడు మా ఎర్రన్న మావ. ఎవరింట్లో కరెంటు పని మొదలుపెట్టినా ముందు బోర్డులోంచి తెల్ల పింగాణీ ఫీజు పీకి, చొక్కా పైజేబులో వేసుకుని, గుండీ పెట్టుకునేవాడు. బోర్డు మీదే వదిలేస్తే ఫ్యాను తిరగట్లేదనో టీవీ రావట్లేదనో ఎవరో ఒకరు తెచ్చి గుచ్చేస్తారు. అవతల తీగె పట్టుకున్నవాడు పోతాడు. కోటబొమ్మాళి చుట్టుపక్కల ఊళ్ళలో నలభై ఏళ్ళు ఆయన అలాగే పని చేశాడు. కరెంటు ఆయన్ని ఒక్కసారే కొట్టింది.

ఆ ఒక్కసారీ నా వల్ల కొట్టింది. ఏడాదిన్నర పాటు ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

నా పేరు ధనరాజు. ఎర్రన్న మావ నాకు చుట్టం కాదు, పని నేర్పినవాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఆయన వెనక నిచ్చెన మోసుకుంటూ మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు సొంత కొట్టు ఉంది, ఊళ్ళ సంబరాలకి లైటింగు కడతాను. అమ్మవారి పండగంటే గుడి నుంచి ఊరి మొగ దాకా రంగు దీపాల తోరణాలు నావే. నాకు కోపం ఎక్కువ, తొందర అంతకంటే ఎక్కువ. "నీ సెయ్యి మంచిదే గానీ కాలు నిలవదురా ధనా" అనేవాడు మావ. నేను నవ్వేసేవాణ్ణి. మెచ్చుకున్నాడనే అనుకునేవాణ్ణి.

కిందటేడు చైత్రంలో మా ఊళ్ళో సంబరం జరిగింది. గుడికి ఆనుకుని సుభద్రమ్మ ఇల్లు. ఆవిడ ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. పాత పెంకుటిల్లు. మీటరు కింద చెక్క బోర్డు, దాని మీద ఒకే ఒక్క ఫీజు, అంతే. మెయిన్ స్విచ్చి కూడా లేదు. మీటరు నుంచి ఆ బోర్డుకి వచ్చే తీగెలు విప్పి నా లైటింగుకి కరెంటు తీసుకున్నాను. మూడు రోజులూ దీపాలు దివ్యంగా వెలిగాయి. నాలుగో రోజు పొద్దున్నే నరసన్నపేట అవతల ఇంకో ఊళ్ళో లైటింగు సెట్టు కట్టాలి. వ్యాను వీధిలో హారన్ కొడుతోంది. నా తీగెలు పీకేసి, మీటరు నుంచి వచ్చే రెండు తీగెలూ మళ్ళీ బోర్డుకి బిగించాలి.

ఆ ఇంటి వైరింగు ముప్పై ఏళ్ళ కిందట మావ చేసిందే. అప్పట్లో ఒక తీగె చుట్ట కొని దాంతోనే ఇల్లంతా లాగేసేవారు. అందుకే రెండు తీగెలూ నలుపే. గుర్తు కోసం మావ, కరెంటు వచ్చే తీగె చివర ఎర్రదారం ముడి వేసేవాడు. తిరిగెళ్ళే తీగెకి ఏమీ ఉండదు. ఎర్రదారం ఉన్నది ఫీజులోకి వెళ్ళాలి. మావ వైరింగు చేసిన ఇళ్ళన్నిటిలో ఇదే లెక్క, మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు.

నా లైటింగు లాగిన కరెంటుకి ఆ తీగెల కొసలు కాస్త కాలాయి. రెండు కొసలూ కత్తిరించి పారేశాను. ఎర్రదారం ముడి కూడా కొసతో పాటే రాలి కింద పడింది. పడటం చూశాను. ఏది ఏదో టెస్టరు పెట్టి చూస్తే అర నిమిషం పని. పెట్టలేదు. చేతికి ముందు దొరికిన తీగె ఫీజులో బిగించి, రెండోది పక్కన బిగించి, గదిలో బల్బు స్విచ్చి వేశాను. బల్బు వెలిగింది. వెలిగింది కదా అని వెళ్ళిపోయాను.

బల్బుదేముంది, తీగెలు అటుదిటైనా వెలుగుతుంది. ఫీజు మాత్రం కరెంటు వచ్చే దారిలో ఉండాలి. తిరిగెళ్ళే దారిలో ఉంటే, ఫీజు పీకినప్పుడు దీపం ఆరుతుంది, ఫ్యాను ఆగుతుంది, కరెంటు మాత్రం ఇంట్లో ప్లగ్గుల దాకా వచ్చి కూర్చునే ఉంటుంది. దొంగ వచ్చే వీధి తలుపు తెరిచిపెట్టి, పెరటి తలుపుకి తాళం వేసుకున్నట్టు.

ఇరవై రోజుల తర్వాత సుభద్రమ్మ రుబ్బురోలు మెషీను ప్లగ్గు వదులైందని మావని పిలిచింది. నాకు కబురు చేస్తే నేను రేపు, ఎల్లుండి అంటాను కదా. ఆయన వెంటనే వెళ్ళాడు. పట్టపగలు పదకొండు గంటలు. నా కొట్టు ఆ వీధి మొగలోనే ఉంది. సుభద్రమ్మ కేక విని ముందు పరిగెత్తింది నేనే. మనుషుల్ని పిలవడానికి ఆవిడ వీధిలోకి పోయింది. నేను వంటగదిలోకి వెళ్ళాను.

మావ గోడవార పడి ఉన్నాడు. కుడి చెయ్యి కాలింది, స్పృహ లేదు, ఊపిరి ఉంది. గుండె మీద చెయ్యి వేస్తే పైజేబులో గట్టిగా ఏదో తగిలింది. జేబుకి గుండీ పెట్టి ఉంది. లోపల ఫీజు.

ఫీజు జేబులో ఉండగా కరెంటు ఎలా కొట్టిందని ఎవరైనా అనుకోవాలి. నేను అనుకోలేదు. ఎర్రదారం ముడి రాలడం, వ్యాను హారన్, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. వీధిలో అడుగుల చప్పుడు వినిపిస్తోంది. ఆ గుండీ విప్పి ఫీజు తీసి నా ప్యాంటు జేబులో వేసుకున్నాను. నా జీవితంలో చేసిన దొంగతనం అదొక్కటే. అదీ స్పృహ లేని మనిషి గుండెల మీద నుంచి.

జనం వచ్చారు, ఆటో వచ్చింది, ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. "నువ్వుండి కరెంటు సంగతి సూడు ధనరాజూ, ఇంకెవరికైనా కొట్టగల్దు" అంది సుభద్రమ్మ, ఆటో ఎక్కుతూ. చూశాను. పొడి పీట ఎక్కి, ఒక్కో తీగె విప్పి, అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. ఆ రోజు టెస్టరు పెట్టి మరీ చూసుకున్నాను. తర్వాత నా జేబులోంచి ఫీజు తీసి బోర్డులో పెట్టాను. బల్బు వెలిగింది.

ఊళ్ళో పెద్దమనిషి జగన్నాధం గారు వచ్చి, "ఏటి జరిగిందిరా?" అని అడిగారు.

"ఫీజు బోర్డులోనే ఉందండి" అన్నాను.

నేను అబద్ధం ఆడలేదు. ఆ క్షణానికి ఫీజు బోర్డులోనే ఉంది. ఇలా అనుకుని ఎన్నాళ్ళు నిద్రపోయానో నాకే తెలుసు. ఆయన ముందే ఫీజు పీకి, ప్లగ్గులో టెస్టరు పెట్టి చూపించాను. వెలగలేదు. "అంటే పెద్దోడు తియ్యకుండానే సెయ్యెట్టీసినాడన్నమాట. మతి తప్పుతున్నాది పాపం" అన్నారు జగన్నాధం గారు. సాయంత్రానికల్లా ఊరంతా అదే మాట.

మావ బతికాడు. కుడి చేతి రెండు వేళ్ళు మాత్రం ఇక ముడుచుకోలేదు. ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచి ముందు అడిగింది ఫీజు గురించే. "నా జేబులోది ఏదిరా?" అన్నాడు. చొక్కా తెచ్చి చూపించారు. జేబు ఖాళీ. ఆ ఖాళీ జేబులో ఆయన ఎడమ చెయ్యి పెట్టి, మూలలన్నీ తడిమాడు. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను.

మొదట్లో ఆయన అందరితో దెబ్బలాడాడు. "తీసినాను. జేబులో ఏసినాను. గుండీ ఎట్టినాను" అని. వినేవాళ్ళు తల ఊపి, పక్కకెళ్ళి నవ్వేవారు. రెండు నెలలకి ఆ గొంతు తగ్గింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం నా కొట్టుకొచ్చి, బల్ల మీద కూర్చుని ఒకటే అడిగేవాడు.

"ఒరే ధనా, నాను ఫీజు తీసినానా, నేదా?"

"పోనీలే మావా, వయసు కదా" అనేవాణ్ణి.

ఊళ్ళో వాళ్ళు అన్న మాటలకి నన్ను నేను క్షమించుకోగలనేమో. ఈ మాటకి మాత్రం లేదు. పనిముట్లు పట్టుకోవడం మానేశాడు. అడుగడుక్కీ జేబు తడుముకోవడం మొదలుపెట్టాడు. తలుపు వేసి, నాలుగడుగులు వేసి, వేశానా లేదా అని మళ్ళీ వెనక్కి వచ్చేవాడు. పొయ్యి ఆర్పి మళ్ళీ వెలిగించి మళ్ళీ ఆర్పేవాడు. మతిమరుపు ఆయనకి లేదు. నేనే అంటించాను.

ఆయనకున్నది ఒక్కతే కూతురు, భారతి. జీడిపప్పు బట్టీలో పనికి వెళుతుంది. మొన్న దసరా వెళ్ళిన వారం, ఆ వీధిలో పోతూ చూస్తే ఇంటికి బయట తాళం. కిటికీ ఊచల వెనక మావ కూర్చుని ఉన్నాడు.

"ఇదేటి మావా?" అన్నాను.

"అమ్మి ఏసింది. పొయ్యి ముట్టించీసి మర్సిపోతానని బయమంట. పొద్దు గూకే ఏలకి వస్తాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. భారతి మీద మండిపోయింది, చూడండి నా సిగ్గులేనితనం. "తండ్రిని తాళమేస్తాదేటి? నేను అడుగుతాను దాన్ని" అన్నాను.

"అడక్కురా. మంచి పనే సేసింది" అన్నాడు ఆయన నెమ్మదిగా. "నా మీద నాకే నమ్మకం నేదు."

ఇల్లు ఎలా చేరానో తెలీదు. కరెంటు కొడితే మనిషి పడతాడు, లేస్తాడు. నేను కొట్టిన దెబ్బకి ఆ మనిషి తన ఇంట్లో తానే ఖైదీ అయ్యాడు, పైగా అది న్యాయమేనని ఒప్పుకున్నాడు. ఆయన తిట్టి ఉంటే ఇంకో ఏడాది దాచేవాణ్ణేమో. నేను అలాంటివాణ్ణే.

మర్నాడు పొద్దున భారతి పనికి బయల్దేరేటప్పుడు వెళ్ళి, "తాళం నాకియ్యమ్మా. ఇవాళ మావని నాతో తిప్పుతాను" అన్నాను. బొడ్డులోంచి తీసి ఇచ్చింది. "నీ దగ్గరైతే నాకు బెంగ నేదన్నియ్యా" అంది.

మావని సుభద్రమ్మ ఇంటికి తీసుకెళ్ళాను. ఆ గుమ్మం చూడగానే ఆయన కాళ్ళు ఆగిపోయాయి. "ఇక్కడికెందుకురా?" అన్నాడు. చెయ్యి పట్టుకుని బోర్డు ముందు నిలబెట్టాను. సుభద్రమ్మ నానబెట్టిన మినప్పప్పు గిన్నె పట్టుకుని వచ్చి, ఏమిటన్నట్టు చూసింది. ఆవిడా ఉండాలనే నేను వెళ్ళమనలేదు.

"ఫీజు పీకు మావా" అన్నాను.

"నాను ముట్టుకోను."

"పీకి జేబులో ఎట్టుకో. గుండీ ఎట్టుకో."

ఎడమ చేత్తో పీకాడు. జేబులో వేశాడు. గుండీ పెట్టడానికి ఆ రెండు వేళ్ళూ అడ్డం వచ్చాయి. నేను సాయం చెయ్యబోతే తోసేశాడు. టెస్టరు చేతికిచ్చి ప్లగ్గులో పెట్టమన్నాను. వెలగలేదు.

"ఇలాగే కదా ఊరంతటికీ సూపించినావు" అన్నాడు మావ.

"ఇప్పుడు సూడు."

పీట ఎక్కాను. మీటరు నుంచి వచ్చే తీగెలు రెండూ విప్పి, అటుది ఇటు మార్చి బిగించాను. సంబరం మర్నాడు నేను బిగించినట్టు, అచ్చం అలాగే. దిగి పక్కకి జరిగాను. "మళ్ళీ ఎట్టు" అన్నాను.

మావ ముందు జేబు తడుముకున్నాడు. ఫీజు ఉంది. టెస్టరు ప్లగ్గులో పెట్టాడు. వెలిగింది.

తీసి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ వెలిగింది. ఆయన ఆ ఎర్ర వెలుగుని చూస్తూ ఉండిపోయాడు. నలభై ఏళ్ళు ఆ పని చేసిన మనిషికి ఇంకేం చెప్పనక్కర్లేదు. అయినా అంతా చెప్పాను. కత్తిరించిన కొసల గురించి, రాలిన ఎర్రదారం గురించి, ఆయన జేబు గుండీ విప్పడం గురించి, జగన్నాధం గారితో అన్న మాట గురించి. చెబుతూ ఉంటే ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా నాకు అర్హత లేదని తెలుసు, అయినా వచ్చింది.

సుభద్రమ్మ గిన్నె కింద పెట్టేసింది. "ఒరే దౌర్బాగ్యుడా. నాను కూడా ఈ మడిసిని మతినేనోడని పదిమందికి సెప్పినాను కదరా" అంది.

మావ తిట్టలేదు. కొట్టినా బాగుండేది.

"అంటే నాను తీసినాను" అన్నాడు.

"తీసినావు మావా."

"గుండీ ఎట్టినాను."

"ఎట్టినావు."

గోడ పట్టుకుని బోర్డు కింద అరుగు మీద కూర్చున్నాడు. తలెత్తి, "రోజూ అడిగినాను నిన్ను. వయసు కదా అన్నావు" అన్నాడు.



"తీగెలు సరిసెయ్యి" అన్నాడు. పీట ఎక్కి మార్చాను. నా మాట నమ్మకుండా తనే లేచి టెస్టరు పెట్టి చూసుకున్నాడు. సుభద్రమ్మని ఎర్రదారం అడిగాడు. అమ్మవారి మొక్కుకి తెచ్చిన దారం ఉందని ఆవిడ ఇస్తే, పీట ఎక్కి, పట్టుకోని వేళ్ళతో, దారం కొస పళ్ళతో లాగి, తీగె తొడుగు చివర తనే ముడి వేశాడు. అంతసేపూ నేను పీట పట్టుకుని నిలబడ్డాను.

ఇక ఫీజు పెడితే అయిపోతుంది. చెయ్యి చాపాను. ఆయన జేబు మీద అరచెయ్యి వేసుకున్నాడు.

"ఇది నాకాడే ఉంటాది. నువ్వు ఎల్లి బారతికి సెప్పు. నాకు సెప్పినట్టు కాదు, ఆ బట్టీలో ఆడోలందరూ ఇనేటట్టు సెప్పు. దారిలో జగన్నాధానికీ సెప్పు. సెప్పొచ్చినాకే కరెంటు."

"పప్పు నానిపోయి ఉంది" అనబోయి సుభద్రమ్మ ఆగిపోయింది. తర్వాత నా వైపు తిరిగి, "ఎల్లు మరి, నిలబడిపోనావేటి?" అంది.

జగన్నాధం గారింటి గుమ్మంలో చెప్పాను. ఆయన విని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు. అక్కడి నుంచి బట్టీ రెండు మైళ్ళు. బండి ఉంది, నడిచే వెళ్ళాను. అంత దూరమూ ఏమని మొదలుపెట్టాలో అనుకుంటూ వెళ్ళాను. అనుకున్న మాట ఒక్కటీ పనికి రాలేదు. గేటు దగ్గర నన్ను చూడగానే, జీడి మరకలతో నల్లబడ్డ చేతులు చీరకి తుడుచుకుంటూ భారతి పరిగెత్తుకొచ్చింది.

"మా నాన్న ఏటి సేసీసినాడన్నియ్యా?" అంది.

ఏడాదిన్నరగా తనని వెతుక్కుంటూ ఎవరు వచ్చినా ఆ పిల్ల నోట వచ్చే మొదటి మాట అదేనని అప్పుడు అర్థమైంది.

"మీ నాన్న ఏటీ సెయ్యలేదమ్మా. అప్పుడూ సెయ్యలేదు" అన్నాను. వెనక జీడిగింజలు కొట్టే చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. గొంతు పెంచి, ఆ ఆడవాళ్ళందరి ముందూ మొదటి నుంచి చెప్పాను. అంతా అయ్యాక, "తాళం ఇటియ్యి" అంది భారతి. ఇచ్చాను. గేటు పక్క ముళ్ళకంపలోకి విసిరేసి, నా కంటే ముందు నడిచింది. గేటు దగ్గర అడిగినప్పుడు అన్నదే ఆఖరు, ఆ పిల్ల మళ్ళీ నన్ను అన్నయ్యా అనలేదు.

మేము వెళ్ళేసరికి సుభద్రమ్మ ఇంట్లో మావ ఆ అరుగు మీదే ఉన్నాడు. నన్ను చూడలేదు, నా ముందున్న కూతురి ముఖం చూశాడు. ఏం కనిపించిందో గాని లేచి నిలబడ్డాడు. జేబు గుండీ విప్పుకుని ఫీజు తీశాడు. ఎడమ చెయ్యి పైకెత్తి బోర్డు వైపు చాపాడు.

భారతి అలవాటు కొద్దీ ఆయన్ని ఆపడానికి చెయ్యి ముందుకు చాపింది. సగంలో ఆగి, వెనక్కి తీసుకుంది. మావ ఫీజు పెట్టాడు. లోపల వంటగదిలో, సుభద్రమ్మ పప్పు వేసి స్విచ్చి నొక్కి ఉంచిన రుబ్బురోలు మెషీను తిరగడం మొదలుపెట్టింది.